మెనోర్కాలో ఏ రోజు ఏ బీచ్‌కి వెళ్లాలి? గాలినీ నడకనీ చూసి తీరం ఎంచుకునే పద్ధతి

మధ్యధరా సముద్రంలో ఒక దీవికి టికెట్లు బుక్ అవగానే అందరూ చేసే పని ఒకటే. ఫోన్‌లో "టాప్ టెన్ బీచ్‌లు" అని వెతికి, ఫోటోలు చూసి, రోజుకి రెండు చొప్పున లిస్టు రాసేసుకుంటారు. మెనోర్కాలో ఆ లిస్టు సగం రోజులు పనికిరాదు. ఫోటోలో అడుగు కనబడేంత తేటగా ఉన్న నీళ్లు, మీరు వెళ్లిన రోజు గాలి ఎదురుగా కొడితే మోకాలెత్తు అలలతో, అడుగు నుంచి పైకి లేచిన ఇసుకతో, ఒడ్డంతా ఎండుటాకులతో కనిపిస్తాయి. అదే గంటలో, అటు ఇరవై కిలోమీటర్లు కూడా లేని అవతలి తీరంలో నీళ్లు కదలకుండా ఉంటాయి.

అందుకే ఇక్కడ బీచ్‌ని ఇంటి దగ్గర కూర్చుని ఎంచుకోకూడదు. ముందు రోజు రాత్రి, గాలి ఎటు నుంచి రాబోతోందో చూసి తేల్చుకోవాలి. రెండోది, మనతో వచ్చినవాళ్లు ఎండలో ఎంత దూరం నడవగలరో చూసుకోవాలి. ఈ రెండూ కుదిరితే అందం దానంతట అదే వస్తుంది. ఆ లెక్క ఎలా వేసుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు దీవి రూపం తెలుసుకోండి

మెనోర్కా స్పెయిన్‌కి చెందిన బలేరిక్ దీవుల్లో తూర్పు కొసన ఉంటుంది. వైశాల్యం సుమారు 700 చదరపు కిలోమీటర్లు. 1993లో యునెస్కో దీన్ని జీవావరణ రిజర్వ్‌గా గుర్తించింది. పక్కనున్న మయోర్కా, ఇబిజా దీవులంతగా ఇక్కడ తీరం వెంబడి హోటళ్లు లేవలేదు. చాలా బీచ్‌ల వెనక ఇప్పటికీ పైన్ చెట్లు, పొలాలు, రాతి గోడలే ఉన్నాయి.

తూర్పున మాహోన్ (రోడ్డు బోర్డుల మీద మావో అని ఉంటుంది), పడమట సియుతదేల్యా, ఇవి ఇక్కడి పెద్ద ఊళ్లు. ఈ రెంటినీ కలిపే మీ-1 రోడ్డు దాదాపు 45 కిలోమీటర్లు. బీచ్‌లకి వెళ్లే చిన్న రోడ్లన్నీ చేప వెన్నుముక నుంచి ముళ్లు విడినట్టు ఈ రోడ్డు నుంచే అటూ ఇటూ చీలతాయి. సముద్రం పక్కనే దీవి చుట్టూ తిరిగే కారు రోడ్డు లేదు. కొత్తగా వెళ్లేవాళ్లు మ్యాప్ చూసి పొరపాటు పడేది ఇక్కడే. పక్కపక్కనే కనిపించే రెండు తీరాల మధ్య కాలినడకన 20 నిమిషాలు పడితే, కారులో వెనక్కి మెయిన్ రోడ్డు దాకా వచ్చి మళ్లీ దిగాలి. దానికి ముప్పావు గంట పట్టొచ్చు. కాబట్టి ఒక రోజులో రెండు తీరాలు చూడాలంటే ఒకే కారు పార్కింగ్ నుంచి నడిచి వెళ్లగలిగే జంటలని ఎంచుకోండి. మకరెల్యా, మకరెల్యేతా అలాంటి జంట. మిట్జానా, మిట్జనేతా ఇంకొకటి.

కాలినడకన మాత్రం దీవిని పూర్తిగా చుట్టి రావచ్చు. కమీ దె కవాల్స్ అనే 185 కిలోమీటర్ల పాత దారి ఉంది. ఒకప్పుడు తీరానికి కాపలా కాసే గుర్రపు సిపాయిలు తిరిగిన బాట ఇది. ఇప్పుడు చెక్క గేట్లతో, దారి గుర్తులతో అందరికీ తెరిచి ఉంది. మీరు వెళ్లే చాలా బీచ్‌లకి చివరి మైలు ఈ బాట మీదే నడుస్తారు. గేటు తీస్తే మళ్లీ మూసి వెళ్లండి, అవతల ఆవులు మేస్తుంటాయి.

2. ఉత్తరం వేరు, దక్షిణం వేరు

దక్షిణ తీరం సున్నపురాయి నేల. వానకాలపు వాగులు ఆ మెత్తటి రాతిని వేల ఏళ్లుగా కోసి లోతైన లోయలు చేశాయి. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారే, అలాంటి వాగు సముద్రాన్ని కలిసే చోట రెండు తెల్లటి కొండ అంచుల నడుమ చిన్న ఒంపు, అందులో కాస్త తెల్లటి ఇసుక. పోస్టుకార్డుల్లో కనిపించే మెనోర్కా ఇదే. ఇలాంటి ఒంపులని స్థానికులు కాలా అంటారు. బీచ్ పేరు ముందు కాలా అని ఉంటే కొండల మధ్య చిన్న తీరమని, సోన్ బో లాంటి పేర్లతో ఉన్నవి కొన్ని పొడవాటి ఇసుక తీరాలని ముందే ఊహించుకోవచ్చు.

ఆ ఇసుకని ఒకసారి అరచేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. మన నదీ ఇసుకలా రాతి పలుకులు కాదు. ఎక్కువ భాగం గవ్వల ముక్కలు, సముద్రపు జీవుల పెంకుల పొడి. కొన్ని లేత గులాబీ రంగులో కూడా కనిపిస్తాయి. నీళ్లు ఆ నీలిరంగులో వెలగడానికి కారణం ఈ తెల్లటి అడుగే. పైగా మధ్యధరా నీటిలో పోషకాలు తక్కువ, అందుకని నాచు, పాచి లాంటివి తక్కువగా పెరుగుతాయి. వెలుతురు అడుగుదాకా దిగి, తెల్లటి ఇసుక మీద పడి, మళ్లీ పైకొస్తుంది.

ఉత్తరం పూర్తిగా వేరే లోకం. అక్కడి రాళ్లు చాలా పాతవి: ఎర్రవి, గోధుమవి, నల్లవి. ప్రెగోండాలో ఇసుక బంగారు ఎరుపులో ఉంటుంది, నీళ్లలోంచి పసుప్పచ్చ రాతి దిబ్బలు లేచి ఉంటాయి. కవలేరియా దగ్గర ఎర్రమట్టి కొండ మీదనుంచి చెక్క మెట్లు దిగితే సముద్రం. ఫవారిచ్ లైట్‌హౌస్ చుట్టూ నల్లటి పలకరాయి తప్ప చెట్టన్నది కనబడదు. దక్షిణం అందం చూడగానే నచ్చుతుంది. ఉత్తరం కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది, కానీ నాకు ఎక్కువ ఇష్టం అదే. జనం తక్కువ, గాలి ఎక్కువ, సముద్రం ఎంత పెద్దదో తెలిసేది అక్కడే.

3. గాలి చూడడం నేర్చుకోండి

అసలు విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన కోస్తాలో సముద్రానికి వెళ్తే ఆటుపోట్ల సంగతి అడుగుతాం. మెనోర్కాలో ఆ గొడవ లేదు. ఇక్కడ నీటి మట్టం ఆటుపోట్లకి మామూలుగా జానెడు కన్నా మారదు. బీచ్ ఎలా ఉంటుందో నిర్ణయించేది గాలి ఒక్కటే. ఉత్తరం నుంచి వచ్చే త్రముంతానా ఇక్కడ పెద్ద గాలి. అది రోజుల తరబడి వీస్తుంది. ఉత్తరాన పొదలు, చెట్లు దక్షిణానికి ఒరిగి పెరగడం చూస్తే దాని బలం అర్థమవుతుంది.

సూత్రం ఒక్క వాక్యం: గాలి ఎటు నుంచి వస్తోందో దానికి అవతలి తీరానికి వెళ్లండి. ఉత్తర గాలి ఉంటే దక్షిణ తీరం, దక్షిణ గాలి ఉంటే ఉత్తర తీరం. పడమటి గాలి అయితే తూర్పున ఎస్ గ్రావు వైపు. తూర్పు గాలి అయితే పడమటి సగంలో, కొండ అంచులు తూర్పు వైపు అడ్డుగా ఉన్న ఒంపులు చూసుకోండి.

ఇది చూడడానికి విండీ లాంటి యాప్ ఏదైనా చాలు. స్పెయిన్ వాతావరణ సంస్థ ఏమెట్ సూచనలు కూడా బాగుంటాయి. చూసేటప్పుడు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఉత్తర గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చే గాలి. యాప్‌లో బాణం దక్షిణం వైపు చూపిస్తుంది. ఇది తిరగేసుకుంటే రోజంతా పాడవుతుంది.

రెండోది, వేగం. గంటకి 10 కిలోమీటర్ల లోపైతే ఎక్కడికైనా వెళ్లండి. ప్రెగోండా, పిలార్, కవలేరియా లాంటి ఉత్తర తీరాలని అలాంటి రోజులకే దాచుకోవాలి. అవి వారంలో ఒకటో రెండో వస్తాయి, వచ్చిన రోజు మిగతా ప్లాన్లన్నీ పక్కన పెట్టేయండి. 20 దాటితే పైన చెప్పిన సూత్రం తప్పనిసరి. 35, 40 వెళ్తుంటే ఈత మానేసి సియుతదేల్యా వీధులు, ప్రాచీన రాతి కట్టడాలు చూడండి. ఈ దీవిలో ఉన్న ప్రాచీన తలయోటిక్ రాతి కట్టడాలకి 2023లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

మూడోది, అలలు గాలితోపాటే ఆగిపోవు. రెండు రోజులు గట్టిగా త్రముంతానా వీచి ఈ రోజు ఉదయం ఆగిందంటే, ఉత్తర తీరంలో సాయంత్రం దాకా నీళ్లు ఎగిరిపడుతూనే ఉంటాయి. ఒక రోజు ఆగి వెళ్లండి. యాప్‌లో గాలితోపాటు అలల ఎత్తు కూడా చూసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ఇంకో మాట, పిల్లలున్నవాళ్లు తప్పకుండా వినాలి. ఉత్తర గాలి రోజున దక్షిణ తీరంలో నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి. కానీ ఆ గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపుకి వీస్తోంది. గాలి నింపిన ట్యూబు, పరుపు, బొమ్మ పడవ మీద పిల్లల్ని వదిలితే కొండ అంచు దాటగానే గాలి అందుకుని లోపలికి తీసుకుపోతుంది. అల లేదు కదా అన్న ధైర్యంతో ఉంటాం కాబట్టి ఇది మరింత ప్రమాదం. అలాంటి రోజుల్లో ఆ ట్యూబుల్ని కారులోనే వదిలేయండి. పెద్దవాళ్లు స్టాండప్ బోర్డు (నిలబడి తెడ్డేసే పలక) తీసుకెళ్లినా ఒంపు దాటి పోవద్దు.

నీటి మట్టం మారదన్నానుగానీ, ఒక మినహాయింపు ఉంది. సియుతదేల్యా రేవులో గాలి ఒత్తిడిలో వచ్చే మార్పుల వల్ల నీళ్లు నిమిషాల్లో దిగిపోయి ఒక్కసారిగా తిరిగొస్తాయి. దీన్ని రిసాగా అంటారు. 2006 జూన్ 15న వచ్చిన రిసాగాలో నీళ్లు నాలుగు మీటర్ల మేర దిగి, డజన్ల కొద్దీ పడవలు దెబ్బతిన్నాయి. దీనికి ముందస్తు హెచ్చరికలు ఇస్తారు. హెచ్చరిక ఉన్న రోజు ఆ రేవు చుట్టుపక్కల ఇరుకైన ఒంపుల్లో దిగకండి.

4. ఏ నెలలో వెళ్లాలి

జూన్ మొదటి మూడు వారాలు, లేదా సెప్టెంబర్. ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు. జూన్‌లో నీళ్లు 21, 22 డిగ్రీల దగ్గర ఉంటాయి. బంగాళాఖాతం వెచ్చదనం అలవాటైనవాళ్లకి మొదటి నిమిషం ఒళ్లు జివ్వుమంటుంది. ఆగస్టులో 26 దాకా పెరుగుతుంది, కానీ యూరప్ మొత్తం సెలవుల్లో ఉంటుంది, కారు పార్కింగ్‌లు ఉదయం తొమ్మిదిన్నరకే నిండిపోతాయి. సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగా ఉండి జనం పల్చబడతారు. అక్టోబర్‌లో ఈత కొట్టొచ్చుగానీ వానలు మొదలవుతాయి, బీచ్ బస్సులు తగ్గిపోతాయి.

జూన్ 23, 24 తేదీల్లో సియుతదేల్యాలో సాంట్ జోన్ గుర్రాల పండగ. చూడదగ్గ ఉత్సవమే. ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే మాత్రం గది నెలల ముందే బుక్ చేయాలి.

5. మీతో ఎవరు వస్తున్నారు?

అమ్మానాన్నలు, అత్తామామలు వస్తుంటే నడక తక్కువ, నీడ, మరుగుదొడ్డి, తినడానికి ఏదైనా దొరికే చోటు కావాలి. కాలా గల్దానా వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. అర్ధచంద్రాకారంలో లోపలికి ఒదిగిన తీరం, బస్సు దిగి రెండడుగులు వేస్తే ఇసుక, చుట్టూ హోటళ్లు. కాస్త జనం ఉంటారు, ఉండనివ్వండి. సోన్ బో కూడా బాగుంటుంది. దీవిలో అతి పొడవైన బీచ్ అదే, రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. చివరిలో తొలి క్రైస్తవ కాలపు చర్చి పునాదులు కనిపిస్తాయి. కానీ అది తెరిచిన తీరం, దక్షిణ గాలి రోజున అలలు, లాగే ప్రవాహాలు ఉంటాయి. జెండా చూడకుండా దిగొద్దు.

చిన్నపిల్లలతో అయితే ఎస్ గ్రావు. చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. వెనకే సరస్సు, పక్షులు, నడిచే చెక్క దారులు. ఇసుక అంత తెల్లగా ఉండదు, పిల్లలకి ఆ పట్టింపు లేదు. ఉత్తరాన అరెనాల్ దెన్ కాస్తెల్ కూడా గుండ్రంగా మూసుకుని ఉండే తీరం కాబట్టి అలలు తక్కువ.

నడవగలిగే జంటలు, స్నేహితులు అయితే దీవి అంతా మీదే. కాలా గల్దానా నుంచి మకరెల్యాకి కొండ మీద పైన్ చెట్ల కింద సుమారు 40 నిమిషాలు. అక్కడినుంచి మకరెల్యేతాకి మరో పది నిమిషాలు. దారిలో కొండ అంచు నుంచి రెండు ఒంపులూ ఒకేసారి కనిపించే చోటు ఉంది. బినిమెల్లా పార్కింగ్ నుంచి ప్రెగోండాకి అరగంట, నీడ ఉండదు. పిలార్‌కి 40 నిమిషాలు. వెళ్లేటప్పుడు ఓక్ అడవి గుండా హాయిగా దిగిపోతాం, తిరిగొచ్చేటప్పుడు అదే ఎక్కాలి. సాంట్ తొమాస్ నుంచి బినిగావుస్ మీదుగా ఎస్కొర్షాదాకి గంటకి పైనే పడుతుంది. ఇంత నడిచి వెళ్లే తీరాల్లో కొట్లు, నీళ్లు, నీడ ఏవీ ఉండవు.

కుటుంబంతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. స్పెయిన్‌లో బట్టల్లేకుండా స్నానం చేయడం నేరం కాదు. మకరెల్యేతా, తొర్తుగా, ఎస్కొర్షాదా లాంటి మారుమూల తీరాల్లో అది మామూలే. పెద్దవాళ్లు ఇబ్బంది పడతారనుకుంటే ఊళ్లకి ఆనుకుని ఉన్న బీచ్‌లకి తీసుకెళ్లండి. అలాగే మీరు లెగ్గింగ్, పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుని దిగినా ఎవరూ తిరిగి చూడరు. పలచటి కాటన్ చుడీదార్ మాత్రం తడిసి బరువెక్కి ఈతకి అడ్డం పడుతుంది, దానికన్నా ఈత బట్ట నయం.

6. శాటిలైట్ మ్యాప్ చదవండి

గాలి వైపు తేలాక, మీరు దిగబోయే తీరాన్ని శాటిలైట్ చిత్రంలో పెద్దది చేసి చూడండి. లేత నీలం అంటే అడుగున ఇసుక. ముదురు మచ్చలుంటే రాయి గానీ, పోసిడోనియా అనే సముద్రపు గడ్డి గానీ. ఈత కళ్లద్దాలు పెట్టుకుని చేపలు చూడాలనుకునేవాళ్లకి ఈ రెండూ కలిసే అంచు కావాలి, కొండ పాదాల వెంట అది దొరుకుతుంది. పిల్లలకి మొత్తం లేతగా ఉన్న చోటు మేలు.

ఒంపు నోరు ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. పొడుగ్గా, ఇరుగ్గా లోపలికి వచ్చిన ఒంపులో గాలి కాస్త పక్కగా వచ్చినా అల లోపలికి రాదు. కానీ ఎత్తయిన కొండ అంచుల మధ్య ఇరుకు తీరమైతే సాయంత్రం ఇసుక మీదికి నీడ తొందరగా వస్తుంది. జూలై ఎండలో అది వరం, సెప్టెంబర్ చివర్లో చలి.

పోసిడోనియా గురించి ఒక మాట. అది నాచు కాదు, వేళ్లు, పూలు, గింజలు ఉన్న మొక్క. ఇక్కడి జాతి మధ్యధరాలో తప్ప ఎక్కడా పెరగదు. దాని ఎండుటాకులు ఒడ్డున గోధుమరంగు కుప్పలుగా పేరుకుంటాయి. చూసి బీచ్ మురికిగా ఉందని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. నిజానికి ఆ కుప్పలే చలికాలపు అలల దెబ్బ నుంచి ఇసుకని కాపాడతాయి. నీళ్లు ఇంత తేటగా ఉండడంలో ఆ గడ్డి పాత్ర పెద్దది. ఒడ్డున పీచు ఉండల్లాంటివి దొరుకుతాయి, అవి ఆ ఆకుల పీచు అలల్లో దొర్లి గుండ్రంగా చుట్టుకున్నవి. పిల్లలకి చూపించండి. పడవ అద్దెకి తీసుకుంటే లంగరుని లేత రంగు ఇసుక మీదే వేయాలి. గడ్డి మీద వేయడాన్ని 2018 నుంచి బలేరిక్ చట్టం నిషేధించింది.

పడవ అన్నాను కాబట్టి: అయిదు మీటర్ల లోపు, 15 హార్స్‌పవర్ లోపు పడవలని లైసెన్స్ లేకుండానే పగటిపూట నడపనిస్తారు. ఫుస్తామ్, ఎస్కొర్షాదా లాంటి చోట్లకి నడక లేకుండా వెళ్లే మార్గం ఇదే. గాలి నెమ్మదిగా ఉన్న రోజు మాత్రమే తీసుకోండి. ఈతగాళ్ల కోసం పసుపు బోయాలు కట్టిన హద్దు లోపలికి పడవ తేవద్దు.

7. ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి

మన దగ్గరనుంచి నేరుగా విమానం లేదు. బార్సిలోనా లేదా మాడ్రిడ్‌లో మారాలి. బార్సిలోనా నుంచి మాహోన్‌కి గంటలోపు ప్రయాణం, ఓడలు కూడా ఉన్నాయి. షెంగెన్ వీసా కావాలి. కారు నడపాలంటే మన లైసెన్స్‌తోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని బయల్దేరండి. 135 సెంటీమీటర్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, కారుతోపాటే అడిగి పెట్టుకోండి.

నాలుగైదు రోజులే ఉంటే సియుతదేల్యాలో దిగండి. తుర్కేటా, మకరెల్యా, సోన్ సౌరా, అల్గయారెన్స్ అన్నీ అక్కడికి దగ్గర. పైగా ఊరు కూడా అందమైనది. వారం ఉంటే దీవి నడుమ ఫెర్రేరీస్ లేదా ఎస్ మెర్కదాల్ మంచిది, గాలి ఎటు మారినా అరగంటలో అవతలి తీరానికి చేరతారు. కారు లేనివాళ్లు కాలా గల్దానాలో గది తీసుకుని, రోజూ నడిచి వెళ్లగలిగే తీరాలు చూసుకుంటే టెన్షన్ ఉండదు. తూర్పుకి మిట్జానా 20 నిమిషాలు, పడమటికి మకరెల్యా.

మకరెల్యాకి వేసవి నెలల్లో సొంత కార్లని పోనివ్వరు. సియుతదేల్యా నుంచి బస్సు ఉంటుంది, సీటు ముందే బుక్ చేసుకోవాలి. టికెట్ దొరకలేదని ఆ తీరం వదులుకోకండి, గల్దానా నుంచి నడక ఉండనే ఉంది. మిగతా తీరాలకి రోడ్డు మీదే ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి. ఏ పార్కింగ్ ఖాళీ, ఏది నిండిందో అవే చెబుతాయి. నిండిందని ఉంటే నమ్మండి. రోడ్డు చివర కాపలా మనిషి వెనక్కి తిప్పి పంపుతాడు.

8. ఏ గంటకి చేరాలి

ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. జూన్ చివర్లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాకగానీ అస్తమించడు. ఆరున్నరకే చీకటి పడే మన అలవాటుతో నాలుగింటికే సర్దేసుకుని బయల్దేరితే దీవిలో అత్యుత్తమమైన గంటలు పోగొట్టుకున్నట్టే. అయిదింటికి తుర్కేటా పార్కింగ్ ఖాళీ అవుతుంది. అక్కడినుంచి చెట్ల కింద పావుగంట నడిస్తే మధ్యాహ్నం చోటే లేని ఇసుక మీద కావలసినంత జాగా. పగటిపూట 12 నుంచి 4 దాకా గదిలో భోంచేసి పడుకోండి. స్థానికులు చేసేదీ అదే.

9. దిగే ముందు

పచ్చ జెండా అంటే దిగొచ్చు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే దిగకూడదు. మారుమూల తీరాల్లో జెండా, లైఫ్‌గార్డ్ ఎవరూ ఉండకపోవచ్చు. అక్కడ అలల సంగతి మీరే చూసుకోవాలి. ఎమర్జెన్సీ నంబర్ 112.

ఊదారంగు జెల్లీఫిష్‌లు కొన్ని రోజులు తీరానికి వస్తాయి. దిగే ముందు నీళ్లు చూస్తున్నవాళ్లని అడగండి, లేదా ఒడ్డున కొట్టుకొచ్చాయేమో చూడండి. తగిలితే మంచినీళ్లు పోయకండి, రుద్దకండి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న తీగలని ప్లాస్టిక్ కార్డుతోనో పట్టుకారుతోనో తీసేయాలి. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, వాపు పెరుగుతున్నా వెంటనే 112కి ఫోన్ చేయండి.

సున్నపురాతి కొండ అంచు కింద నీడ బాగుంటుంది, అక్కడే పరుపు వేయాలనిపిస్తుంది. వేయకండి. ఆ రాయి మెత్తనిది, పైనుంచి పెళ్లలు ఊడిపడతాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. పైనుంచి నీళ్లలోకి దూకేవాళ్లని చూసి మీరూ దూకొద్దు, తేటనీటిలో లోతు ఉన్నదానికన్నా వేరుగా కనిపిస్తుంది.

ఇసుక, గులకరాళ్లు గుర్తుగా తెచ్చుకోవడానికి కుదరదు, జరిమానా పడుతుంది. ఉత్తర తీరంలో కొండ ఎర్రమట్టిని ఒంటికి పూసుకునే అలవాటు కొందరికుంది. ఆ మట్టి తవ్వినకొద్దీ కొండ కరిగిపోతుంది, దాన్ని అలాగే వదిలేయండి.

10. సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. నడక తీరాలకి వెళ్తుంటే ఇంకో లీటరు. చెప్పులతో కాకుండా పట్టున్న బూట్లతో నడవండి. టైరు రబ్బరు అడుగుతో చేసే ఇక్కడి అవార్కా చెప్పులు ఊళ్లో తిరగడానికి బాగుంటాయి, రాళ్ల బాటకి కాదు. టోపీ, సన్‌స్క్రీన్, చిన్న గొడుగు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. చాలా తీరాల్లో చెత్తబుట్టలుండవు.

తిండి సంగతికి, వంటగది ఉన్న గది తీసుకున్నవాళ్లకి పులిహోరకి మించింది లేదు. ఎండకి పాడవదు, చల్లారినా బాగుంటుంది, చేత్తో తినొచ్చు. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, వద్దు. శాకాహారులు మారుమూల తీరాల దగ్గరున్న ఒకటీ అరా హోటళ్ల మీద ఆశ పెట్టుకోకండి.

11. రాత్రి వేసుకోవాల్సిన లెక్క

భోజనాలయ్యాక అయిదు నిమిషాలు చాలు. రేపు ఉదయం, మధ్యాహ్నం గాలి దిశ, వేగం చూడండి. నిన్నటి గాలిని కూడా గుర్తు చేసుకోండి. ఏ తీరమో తేలాక, ఎవరు వస్తున్నారో చూసి నడక తక్కువ, ఎక్కువ అని రెండు పేర్లు రాసుకోండి. వాటికి దగ్గర్లోనే, అదే తీరంలో మూడో పేరు ఒకటి ఉంచుకోండి. ఉదయం పార్కింగ్ నిండిందని బోర్డు చెబితే రోడ్డు మీద కూర్చుని వెతుక్కునే పని ఉండదు. ఉదాహరణకి ఉత్తర గాలి 25 ఉందనుకోండి: మొదటి పేరు తుర్కేటా, రెండోది మిట్జానా, మూడోది సోన్ సౌరా. గాలి లేదనుకోండి: ప్రెగోండా, కవలేరియా, అల్గయారెన్స్. దక్షిణ గాలి వస్తోందంటే అల్గయారెన్స్ లేదా అరెనాల్ దెన్ కాస్తెల్, చిన్నపిల్లలుంటే ఎస్ గ్రావు. మధ్యాహ్నం గాలి మారుతుందని యాప్ చూపిస్తే, ఉదయం ఈత ఒక తీరంలో, సాయంత్రం ఈత అవతలి తీరంలో పెట్టుకోండి. మధ్యలో భోజనానికి గదికి వస్తారు కాబట్టి దారి కూడా కలిసొస్తుంది.